రాజలింగం చేతులు

బుట్ట కింద ఆడేవాడు ముక్కు మీద ఆశ వదులుకోవాలంటాడు బాస్కెట్‌బాల్ కోచ్ ఓదేలు సారు. ఆ రోజు హన్మకొండ ఇండోర్ స్టేడియంలో, కొత్త ఆటగాడి ఎంపికకు పెట్టిన ఆటలో, పొద్దున పదింటికి పగిలిన ముక్కు ఎలీషాది. పగలగొట్టిన మోచెయ్యి సంపత్‌ది. ఇద్దరూ ఒకే బంతి కోసం ఎగిరారు. సంపత్ బంతిని గుంజుకుని దిగుతూ మోచేతిని వెనక్కి విసిరాడు. కావాలనే విసిరాడని చూసినవాళ్లందరికీ తెలుసు. ఎముక విరిగిన చప్పుడు మూడో వరస కుర్చీల దాకా వినబడింది. ఎలీషా మోకాళ్ల మీద కూలబడి, కారే నెత్తురును దోసిట్లో పట్టుకుంటూ, "ఏం కాలే సార్, ఆడత" అన్నాడు. నోట్లోకి పోయిన నెత్తురును పక్కకు ఉమ్మి మళ్లీ లేచి నిలబడ్డాడు.

"చూసినవా? సంపత్‌గాడే మనోడు," అన్నాడు ఓదేలు సారు, పక్కన కూర్చున్న స్వరూపతో. "అచ్చం రాజలింగం లెక్కనే గుద్దుతున్నడు."

స్వరూప ఆ ఫౌల్‌ను లెక్కలో రాసుకుంది. ఓరుగల్లు కంఠీరవాల జట్టులో ఆట లెక్కలు చూసేది ఆమే. ఎవరు ఎన్నిసార్లు ఎగిరారు, ఎటు తిరిగారు, ఎక్కడ తప్పారు అన్నది ఆమె ఒళ్లో ఉన్న ట్యాబ్‌లో ఉంటుంది. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఆడింది. ఓదేలు సారు చెప్పే రాజలింగం ఆమె మొగుడు. పోయి పద్నాలుగు నెలలైంది.

ఆ రాజలింగం సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. బాస్కెట్‌బాల్ జట్టులో ఐదుగురు ఆడతారు గాని పవర్ ఫార్వర్డ్ బతుకు వేరు. మిగతావాళ్లు బంతిని చూస్తారు, వాడు మనుషుల్ని చూస్తాడు. బుట్టను తప్పిన బంతి ఎక్కడ పడుతుందో పసిగట్టి, అక్కడున్నవాళ్లను నడుముతో, భుజంతో, మోచేతితో ఖాళీ చేయించి, గాల్లోకి లేచి దాన్ని అందుకుంటాడు. ఈ పనిలో రాజలింగాన్ని మించినవాడు లేడు. దక్కన్ లీగ్‌లో ఏడేళ్లు ఆడి నాలుగు దవడలు విరగ్గొట్టాడు, పక్కటెముకలకు లెక్కే లేదు. జనం అతనికి రోకలి అని పేరు పెట్టుకుని, మ్యాచ్ రోజున ఇళ్లలోని రోకళ్లు మోసుకొచ్చి మెట్ల మీద దంచేవారు. కిందటేడు సెమీఫైనల్లో గాల్లోకి ఎగిరినప్పుడు నాగపూర్ ఆటగాడి భుజం అతని నడుముకు తగిలింది. ఒంటికాలి మీద దిగి, తూలి, మెడ మీద పడ్డాడు. వేలమంది చూస్తుండగానే ప్రాణం పోయింది.

మనిషి పోయినా ఆట పోలేదు. అదంతా డాక్టర్ నస్రీన్ పుణ్యం. ఆమె ప్రయోగశాల స్టేడియం వెనకనే ఉంది. మెడ నుంచి మడమల దాకా ఒంటికి అంటుకునే తొడుగు ఒకటి తయారుచేసింది. నరం కండకు పంపే ప్రతి ఆజ్ఞా, ఏ తాకిడికి ఏ మాటకు అది లేచిందన్నదీ అందులో నిలిచిపోతుంది. అదే తొడుగును ఇంకొకడికి వేసి, ఇరవయ్యొక్క రోజులు ఆ ఆజ్ఞలే అతని ఒంటికి వినిపిస్తే, ఆ ఆట అతనిదైపోతుంది. రాజలింగం బతికుండగా ఎనిమిది నెలలు ఆ తొడుగు వేసుకుని తిరిగాడు. "ఇంట్ల గూడ ఇడవకు రాజలింగం, పండుకున్నప్పుడు ఒళ్లెట్లుంటదో గూడ నాకు కావాలె," అని నస్రీన్ మరీ మరీ చెప్పింది. అట్లా పోగైన వేల గంటల్లోంచి యంత్రం ఏం ఏరుకోవాలి? పూర్తి బలంతో, రవ్వంత తటపటాయింపు లేకుండా, మళ్లీ మళ్లీ చేసిన పనుల్ని ఉంచుకుంటుంది. తినడం, పడుకోవడం, తల దువ్వుకోవడం చెత్త కింద జల్లెడ పట్టేస్తుంది. ఆట ఏదో ఇల్లు ఏదో దానికి తెలియదు. తెలియాలని నస్రీన్‌కు తోచనూ లేదు.

స్వరూపకు మాత్రం తెలుసు.

ఆ సాయంత్రం కాజీపేటలో ఇంటికి వెళ్లేసరికి అత్త మల్లవ్వ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఆమె వెనక గోడకు రాజలింగం ఫోటో, పొద్దున వేసిన దండ.

"ఎవరిని తీసుకుంటున్నరు బిడ్డా?"

"ఇంకా తేలలే అత్తమ్మా. సారు సంపత్ అంటున్నడు."

మల్లవ్వ ఒక కాయ గిల్లి, గింజల్ని గిన్నెలో వేసింది. "ఆ పిలగాని పెండ్లాం కడుపుతోని ఉన్నదట గదా," అంది, తల ఎత్తకుండానే.

స్వరూప చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఒళ్లు మండిపోయింది ఆమెకు. తెలిసీ ఆరేళ్లు నోరు కుట్టుకున్న మనిషి, ఇప్పుడు గింజలు గిల్లుతూ గుర్తు చేస్తుందా?

ఆరేళ్లు. ప్రతి మ్యాచ్ తర్వాతా అడిగేది అతనే. "చెప్పు, ఏం తప్పు చేసిన?" అని పిలిచి మరీ అడిగేవాడు. చెప్పకపోతే చెప్పలేదని కొట్టేవాడు, చెప్తే చెప్పిందని కొట్టేవాడు. చెప్పడానికి ఉన్నది ఎప్పుడూ ఒకటే తప్పు: ఎగిరి దిగేటప్పుడు ఎడమ కాలు వెనకబడుతుంది, బరువంతా కుడికాలి మీదనే పడుతుంది, ఎవడైనా వేలితో తోసినా చాలు పడిపోతావు. మొదట ఎడమ చెయ్యి లేచేది. ఆమె వంగేది. వంగిన చోట కుడి పిడికిలి కాచుకుని ఉండేది. పక్క గదిలో మల్లవ్వ టీవీ గొంతు పెంచేది. ఆఖరి ఎనిమిది నెలలూ ఆ పిడికిలి మీద నస్రీన్ తొడుగు ఉంది. చివరికి ఆ ఎడమ కాలే అతన్ని చంపింది. దహనం రోజున స్వరూప ఏడ్చింది. భయం పోయినందుకు ఏడ్చిందో మనిషి పోయినందుకు ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఊరంతా ఫ్లెక్సీలు కట్టి, ఆమెను వీరపత్ని అన్నారు. ఇంక ఏ నోటితో చెబుతుంది?

మర్నాడు రాజలింగం ఆటను ముగ్గురిలో ఎవరి ఒంట్లోకి ఎక్కించాలన్నది తేల్చడానికి కూర్చున్నారు. ఓదేలు సారు, నస్రీన్, స్వరూప. గోడ మీద మూడు ఫోటోలు: మహబూబాబాద్ సంపత్, లూధియానా నుంచి వచ్చిన గుర్‌ప్రీత్, డోర్నకల్ దిక్కు హాస్టల్లో పెరిగిన ఎలీషా.

"ఇండ్ల మాట్లాడేదేమున్నది," అన్నాడు ఓదేలు సారు. "మనకు బుట్ట కింద రాక్షసుడు కావాలె. సంపత్ రాక్షసుడు. గుర్‌ప్రీత్ ఎత్తున్నడు గని వట్టి స్తంభం. ఎలీషా అయితే దెబ్బ తిని సారీ చెప్పే రకం. నిన్న ముక్కు పలగ్గొట్టినోనికే నీళ్లు తెచ్చిచ్చిండు."

"గుర్‌ప్రీత్‌తోని ఎవరుంటరు?" అని అడిగింది స్వరూప.

"వాళ్లమ్మ. ఎక్కడికి పోయినా ఎంటనే వస్తది. ఆమె చేసిన రొట్టె లేంది దిగదు వానికి. గిదెందుకు?"

"ఊరికే అడిగిన."

ఆమె గుర్‌ప్రీత్ ఫోటో తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. తర్వాత సంపత్ ఫోటో ముందు నిలబడింది. ఆ పొద్దున అతని భార్యను స్టేడియం గేటు దగ్గర చూసింది. ఏడో నెలట. టిఫిన్ డబ్బా పట్టుకుని, నిలబడలేక గోడకు ఆనుకుని ఉంది.

"సార్, సంపత్ మోచెయ్యి పదిసార్లు లేస్తే ఏడుసార్లు ఫౌలైతది. ఐదు ఫౌళ్లు నిండి నాలుగో పావు ఆటకు వాడు బయటనే ఉంటడు. వాని గుద్దుడు వానికి ముందే ఉన్నది. దాని మీద ఇంకొకరి గుద్దుడు పోస్తే రెండూ కలవయి. ఎలీషా చూడుండ్రి. ముగ్గుర్ల ఎక్కువ ఎగిరేది వాడే, బంతి ఎటు పడ్తదో ముందుగాల చూసేది వాడే. వానికి లేనిదల్లా కొట్టుడొక్కటే. మనం పెట్టేది అదే గదా."

నస్రీన్ తలూపింది. "నా పరీక్షలల్ల గూడ అదే వచ్చింది. ఎలీషా నరాలు మెత్తగున్నయి. ఏది పోస్తే అది పడ్తది. సంపత్ ఒళ్లు ఎదురు తిరుగుతది."

"గుండె లేనోన్ని తీసుకొచ్చి గుండె పెడ్తమంటరు," అన్నాడు ఓదేలు సారు. కాని ఆయనకూ గెలుపే కావాలి. గంటసేపు గొణిగి, చాయ్ రెండుసార్లు తాగి, చివరికి ఒప్పుకున్నాడు. ఎలీషాను లోపలికి పిలిచారు. ముక్కుకు పట్టీ, రెండు కళ్ల కిందా నలుపు.

"ఇంట్ల ఎవరెవరుంటరు నీకు?" స్వరూప అడిగింది.

"ఎవ్వరు లేరు మేడం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేనే వండుకుంట, నేనే తింట."

ఆమెకు గుండెల్లోంచి బరువు దిగినట్టయింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ సిగ్గును మింగి, కాగితం మీద సంతకం చేసింది. ఎవరూ లేని ఇంట్లో పిడికిలి లేస్తే గాలికి తగులుతుంది అనుకుంది. ఇంతకన్నా మంచి దారి ఆమెకు కనబడలేదు.

ఇరవయ్యొక్క రోజులూ ఎలీషా నరకం చూశాడు. తొడుగు వేసి, ప్రయోగశాలలోని చిన్న కోర్టులో నిలబెట్టి, నస్రీన్ యంత్రం నడిపేది. అతని ప్రమేయం లేకుండానే భుజం విసురుగా తిరిగేది. మూడో రోజున కుడి మోచెయ్యి తాడుకు వేలాడదీసిన ఇసుక బస్తాను చీల్చింది. ఏడో రోజున ఎడమ భుజం కీలు తప్పింది. దాన్ని సరిచేసి, కట్టు కట్టి, పదో రోజుకు మళ్లీ నిలబెట్టారు. పన్నెండో రోజున అతను గోడను గుద్దాడు. పిడికిలి తోలు ఊడి, లోపలి తెల్లటి ఎముక కనబడింది.

"నొప్పి లేదా?" అని నస్రీన్ అడిగితే, "ఉన్నది మేడం, గని చెయ్యి ఆగుతలేదు," అన్నాడు. నస్రీన్ ఆ మాటను సంతోషంగా రాసుకుంది.

మొదటి మ్యాచ్ కొచ్చి జట్టుతో. రెండో నిమిషంలోనే బుట్ట కింద ఎలీషా ఒకణ్ని నడుముతో తోసి, ఇంకొకణ్ని భుజంతో పడేసి బంతి అందుకున్నాడు. జనానికి ఒక్క క్షణం ఊపిరాడలేదు. ఆ తిరుగుడు వాళ్లకు తెలుసు. ఎవరో ముసలాయన "రోకలి" అన్నాడు. ఇంకేముంది, ఏడాదిగా మూలన పడున్న రోకళ్లు మెట్ల మీద పడ్డాయి, స్టేడియం అదిరింది. మూడో పావులో కొచ్చి ఆటగాడు వెనక నుంచి ఎలీషా చొక్కా లాగాడు. మోచెయ్యి చూడకుండానే వెనక్కి పోయింది. దవడ పక్కకు జరిగిపోయి, రెండు పళ్లు నేల మీద దొర్లాయి. స్ట్రెచర్ మీద పోతున్నవాడి నోట్లోంచి నెత్తురు దారలా కారుతుంటే, జనం ఎలీషా పేరు మరిచిపోయి రోకలీ రోకలీ అని కేకలు పెట్టారు.

మ్యాచ్ అయ్యాక స్వరూప వెళ్లేసరికి ఎలీషా నల్లా కింద చేతులు పెట్టి నిలబడి ఉన్నాడు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"అక్కా, నేను కొట్టలే. చెయ్యే పోయింది. వాడు బతుకుతడా?"

"దవడే గదా. సరిజేస్తరు," అంది ఆమె, నాలుగడుగుల దూరంలో ఆగి.

ఆ దూరం ఆమె ఎప్పుడూ తగ్గించలేదు. ఎలీషాతో ఆట గురించి నోరు విప్పేది కాదు. తప్పులన్నీ కాగితాల మీద రాసి అతని సంచిలో పెట్టేది. ఒక ఆదివారం మల్లవ్వ పట్టుబట్టి అతన్ని భోజనానికి పిలిపించింది. కంచం ముందు కూర్చోగానే ఎలీషా కుడిచేత్తో ఉల్లిపాయను నేలకేసి ఒక్క గుద్దుతో పగలగొట్టాడు. రాజలింగం అట్లాగే తినేవాడు; పూర్తి బలంతో గుద్దే గుద్దు గనక యంత్రం దాన్నీ ఉంచుకుంది. మల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. ఆ ముసలిదానికి కొడుకు తిరిగొచ్చినట్టే అయింది. స్వరూప గుమ్మం దాటి లోపలికి రాలేదు.

అంతా బాగానే ఉండేది, ఆ ఎడమ కాలు గనక లేకపోతే. ఆటతో పాటు తప్పు కూడా వచ్చేసింది. ఎలీషా పదకొండుసార్లు ఎగిరితే తొమ్మిదిసార్లు ఒంటికాలి మీదనే దిగుతున్నాడు. కాగితం చదువుకుని, ఒక్కడే ఉన్నప్పుడు సరిచేసుకునేవాడు. పక్కన మనిషి తగిలితే చాలు, ఒళ్లు మళ్లీ పాత దారి పట్టేది. లీగ్ మ్యాచ్‌లో నాగపూర్‌వాడు గాల్లో అతని నడుముకు భుజం తాకించాడు. ఎలీషా భుజం మీద పడి, దొర్లి, లేచాడు. జానెడు తేడాతో మెడ తప్పించుకుంది. ఫైనల్ మళ్లీ ఆ నాగపూర్‌తోనే, వచ్చే ఆదివారం.

చెప్పేద్దామని స్వరూప నస్రీన్ గది దాకా పోయింది. లోపల నస్రీన్ ఎవరో పెద్దమనుషులకు రాజలింగం నిలువెత్తు ఫోటో చూపిస్తూ, "ఈయన చేతులు ఇంక చావయి," అని చెబుతోంది. స్వరూప తలుపు దగ్గరి నుంచే తిరిగొచ్చేసింది. పిరికిదాన్ని, పిరికిదాన్ని అని దారంతా తనను తాను తిట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం జనాన్ని లోపలికి వదిలి ఆడించే సాధన. రాజలింగం పుట్టినరోజు కూడా కావడంతో మూడు వేల మంది వచ్చారు, చాలామంది రోకళ్లతోనే. మల్లవ్వను శాలువా కప్పి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె ముందు బల్ల, దాని మీద మైకు. ఆట మొదలైన పావుగంటలో ఎలీషా ఐదుసార్లు ఎగిరి, ఐదుసార్లూ ఒంటికాలి మీద దిగాడు. ఐదోసారి సంపత్ భుజం కొద్దిగా తగిలితేనే పక్కకు కూలి, తల బోర్డు స్తంభానికి కొట్టుకున్నాడు. కనుబొమ్మ చీలింది.

ఓదేలు సారు ఈల ఊది, స్వరూప దగ్గరికి విసవిసా వచ్చాడు. "కాయితాలు బంద్ చెయ్యి చెల్లె. కాయితం కాలుకు ఇనబడ్తదా? పో, పక్కకు నిలబడి నోటితోని చెప్పు. ఆదివారం వాని మెడ ఇరిగితే ఆ పాపం నీదే."

ఎలీషా కూర్చుని కనుబొమ్మ తుడుచుకుంటున్నాడు. ఇరవై మూడేళ్లవాడు. మూడు రోజుల్లో చచ్చిపోతాడు, చెప్పకపోతే. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ట్యాబ్ కుర్చీలో పెట్టి లేచింది. కోర్టులోకి నడిచి, అతన్ని లేపి, ఎడమ పక్కన నిలబడింది. మొగుడికి చెప్పేటప్పుడు కూడా అక్కడే నిలబడేది.

"ఎడమ కాలు వెనకబడ్తున్నది నీకు," అంది. "దిగేటప్పుడు ఒక్క కాలి మీదనే..."

మాట పూర్తి కాకముందే ఆమె వంగింది. ఎలీషా చెయ్యి అప్పటికి ఇంకా లేవనేలేదు. ఆమె వంగాక లేచింది. ఎడమ అరచెయ్యి ఆమె తలమీదుగా గాలిని కోసుకుంటూ పోయింది. ఆమె తల ఎక్కడికి దిగుతుందో సరిగ్గా అక్కడికి కింది నుంచి కుడి పిడికిలి వచ్చింది. ఆమె కాళ్లు నేలను వదిలేశాయి. వెల్లకిలా పడింది. పై పెదవి రెండుగా చీలింది, ఒక పన్ను నాలుక మీదికి ఊడి వచ్చింది.

నస్రీన్ కోర్టు పక్కనే ఉంది. అంతా చూసింది. దెబ్బ తినబోయే మనిషి చెయ్యి లేవకముందే ఎట్లా వంగింది? పిడికిలి ఆ చోటుకే ఎట్లా వచ్చింది?

జనానికి ఇవేవీ పట్టలేదు. వాళ్లకు కనబడింది ఒక్కటే. ఎవడో హాస్టల్ పోరడు రోకలి పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నాడు. అదీ రోకలి పుట్టినరోజున.

"ఎవని పెండ్లాన్ని కొట్టినవురా?" అని మొదట దూకినవాడు ఎలీషా మెడ పట్టుకున్నాడు. వాడి వెనక యాభై మంది, వందమంది. కుర్చీలు గాల్లోకి లేచాయి. ఒక ఇనుప కుర్చీ కాలు ఎలీషా చెవి వెనక దిగింది. ఆ చేతులతో అతను పదిమందినైనా పడగొట్టగలడు. కాని అతను బోర్లా పడి, రెండు చేతుల్నీ పొట్ట కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసి పడుకున్నాడు. తన్నులు పక్కటెముకల మీద పడుతున్నా చేతుల్ని బయటికి రానివ్వలేదు. ఇద్దరు కలిసి అతని కుడిచెయ్యి బయటికి లాగారు. మూడోవాడు రోకలి ఎత్తి మోచేతి కింద వేశాడు. ఇంకో దెబ్బ. ఇంకోటి. ఎలీషా అరిచిన అరుపుకు మల్లవ్వ చెవులు మూసుకుంది. ఓదేలు సారు జనంలో పడి నలిగిపోతూ ఈల ఊదుతూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు.

స్వరూప మోకాళ్ల మీద పాకుతూ బల్ల దాకా పోయింది. మైకు లాక్కుంది.

"వాన్ని ఇడువుండ్రి," అంది. చీలిన పెదవి మాటను సరిగ్గా పలకనివ్వలేదు. నెత్తురు ఉమ్మి మళ్లీ చెప్పింది. "కొట్టింది వాడు కాదు. రాజలింగం కొట్టిండు. ఆరేండ్లు కొట్టిండు నన్ను. డాక్టరమ్మ ఇచ్చిన తొడుగు ఏసుకొని కొట్టిండు. ఆ దెబ్బలే వాని చేతులల్లకొచ్చినయి. ఆ దెబ్బ నాదే, నా కోసమే నేర్చిన దెబ్బ."

రోకలి పట్టుకున్నవాడు ఆగాడు. ఎవరో చెప్పు విసిరితే ఆమె భుజానికి తగిలింది. "సచ్చినోని మీద అబద్ధమాడ్తవా," అన్నాడొకడు. స్టేడియం గుసగుసలతో నిండిపోయింది. రోకలివాడు నెత్తురంటిన రోకలితోనే బల్ల దగ్గరికి వచ్చి, మల్లవ్వ ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నువ్వు చెప్పు. నీ కోడలు చెప్పేది నిజమేనా?"

మల్లవ్వ కోడలి మొహం చూసింది. ఆ చీలిక ఆమెకు కొత్త కాదు. అట్లాంటిదానికి ఆమే రెండుసార్లు పసుపు అద్దింది. శాలువా తీసి బల్ల మీద పెట్టింది. కోడలి చేతిలోని మైకు తీసుకుంది.

"మొదాలు ఎడమ చెయ్యి లేపుతడు," అంది మైకులో. "పిల్ల వంగుతది. అప్పుడు కుడి చెయ్యితోని గుద్దుతడు. తలుపు సందులకెళ్లి చూసిన కొడకా. చూసి, పోయి టీవీ గొంతు పెంచుకున్న. నా కొడుకు గదా అని ఊకున్న."

రోకలివాడు చేతిలోనిది ఎక్కడ పెట్టాలో తెలియక నేల మీద పడుకోబెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు గాని అంబులెన్స్ లోపలికి రావడానికి దారి దొరకలేదు.

ఆదివారం ఎలీషా లేకుండానే ఆడి కంఠీరవాలు ముప్పై రెండు పాయింట్లతో ఓడిపోయారు. స్టేడియం సగం ఖాళీ. ఒక్క రోకలి కూడా రాలేదట.

మంగళవారం స్వరూప ఆసుపత్రికి వెళ్లింది. పెదవికి ఆరు కుట్లు. ఎలీషా కుడిచేతి ఎముక మూడు ముక్కలైంది. ఇనుప పట్టీ వేసి, భుజం దాకా కట్టు కట్టారు. గది బయట నస్రీన్ బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఆమె, రాజలింగం ఇంట్లో ఉండగా రికార్డయిన గంటల్ని ఒక్కొక్కటీ తెరిచి చూస్తోంది.

"ఒక్కసారన్న తెరిచి చూడాల్సింది నేను," అంది. "చెత్తనుకున్న. ఎముక అతుకుతది స్వరూపా. నరంల పోసింది తీసుడు నాకు రాదు. ఎన్నేండ్లకు వస్తదో గూడ చెప్పలేను."

లోపల ఎలీషా కిటికీ వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. స్వరూప కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుంది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్తవా?" అన్నాడు, తల తిప్పకుండా. "అది అండ్ల ఉన్నదని నీకు ముందుగాల ఎరికేనా?"

"ఎరికే."

"ఎరికుండి గూడ నన్ను ఎంచినవా?"

"సంపత్‌కు పెండ్లామున్నది. కడుపుతోని ఉన్నది. గుర్‌ప్రీత్‌కు తల్లి ఉన్నది." ఆమె అతని కట్టు వైపు చూసింది. "నీకు ఎవ్వరు లేరన్నవు."

ఎలీషా అప్పుడు తల తిప్పాడు. కోపం ఉంటుందనుకుంది ఆమె. కోపం కన్నా పెద్దదేదో ఉంది ఆ మొహంలో.

"ఇయ్యాల లేరు అక్కా," అన్నాడు. "రేపు గూడ ఎవ్వరు రావద్దా నా ఇంటికి?"

ఆ ప్రశ్న ఆమె ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఇంకొక ఆడదానికి ఆ దెబ్బలు పడొద్దనుకుంది. ఎవరూ లేనివాడంటే ఎప్పటికీ ఎవరూ ఉండనివాడనుకుంది. తల దించుకుని ఏడ్చింది. కుట్లు లాగి నొప్పి పుట్టినా ఆపుకోలేకపోయింది.

"నీ గురించి ఆలోచన చెయ్యలే నేను," అంది చివరికి. "తప్పైంది ఎలీషా."

అతను మంచం మీద ఉన్న ఎడమచేతిని మెల్లగా దుప్పటి కిందికి జరుపుకుని, దాని మీదికి కొద్దిగా ఒత్తిగిలాడు.

"జర దూరం కూసో అక్కా," అన్నాడు. "నాకు దీని మీద నమ్మకం లేదు."

స్వరూప కుర్చీ జరపలేదు.